నున్నని గొట్టమా, గాళ్ళ గొట్టమా?

మాచర్ల ప్రాంతమున నల్లమల కొండలు పల్నాటిని తాకుచున్నవి. దుప్పులు, కణుజులు తిరుగు అడవి ఇది. తూటాలు రాకముందు తుపాకి అనగా మూతినుండి మందు కూరెడిదే. ఆ మందులో నూటికి సుమారు 75 పాళ్ళు సూరేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము. సూరేకారము ప్రాణవాయువు నందించును. తక్కిన రెండును మండును. పుట్టిన వాయువులు గుండును నెట్టును.

క్రొత్త వేటగాడు ఏ తుపాకి ఎన్నుకొనవలెను? నున్నని గొట్టములో గుండు వదులుగా, త్వరగా దిగును. కాని వెలువడునప్పుడు అటునిటు తగిలి దారి తప్పును. గురి తప్పిన గుండు జింకను చంపక గాయపరచును. అది పొదలలో బాధతో చచ్చును. రైఫిలు గొట్టములోని మెలి గాళ్ళు గుండును బొంగరమువలె త్రిప్పును. తిరుగు బొంగరము ఒరగనట్లే తిరుగు గుండు నిలకడగా పోవును. అయితే బిగువైన గుండును మూతినుండి దించుట కష్టము. 1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే అడుగు గుల్లగానున్న సీసపు గుండును రూపొందించెను. అది వదులుగా దిగి, పేలినపుడు అడుగు వ్యాకోచించి గాళ్ళను పట్టును.

1878 ఆయుధ చట్టము తుపాకికి లైసెన్సు విధించెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 సవరణల మూలమున దుప్పివేట నేడు నేరము. గాళ్ళ రహస్యము తెలిసికొనుటకు తుపాకి అక్కరలేదు. తరగతిలో ఒక బొంగరము చాలును.