శంకుచ్ఛాయ: సూత్రము, యుక్తి

దీపస్తంభ మూలమును చేరుటకు వీలులేదు. దాని ఔన్నత్యము తెలియదు, దూరమును తెలియదు. చేతనున్నది పండ్రెండంగుళముల శంకువు మాత్రమే. అట్టి స్థితిలో కర్తవ్యమేమి? క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయము, గణితపాదమున, ఒక్క శ్లోకముతో దీనికి సమాధానమిచ్చినది.

దీపమునకు ఎదురుగా ఒకే సరళరేఖపై శంకువును రెండు స్థానములలో నిలుపవలెను. ఛాయాగ్రముల నడిమి దూరమును ఒక ఛాయతో గుణించి, ఛాయల భేదముచే భాగించినచో, స్తంభమూలము నుండి ఆ ఛాయాగ్రము వరకు గల దూరము లభించును. ఇది కోటి. దానిని శంకువుతో గుణించి ఆ ఛాయచేతనే భాగింపగా దీపపు ఎత్తు, అనగా భుజ. (నిలువు రేఖను కోటి యనుట లోకములో పరిపాటి. ఇచట పేర్లు తారుమారైనవి. అధ్యేతలు తరచు తడబడునది ఇచటనే.)

శ్లోకము కంఠస్థమగుటకు అరగడియ చాలును. కాని యుక్తి శ్లోకములో లేదు. క్రీ.శ. 629లో భాష్యము రచించిన మొదటి భాస్కరుడు ఛాయాగణితము త్రైరాశికమే యని విప్పి చూపెను. శంకువు, దాని నీడ కలిసి ఒక చిన్న త్రిభుజము. దీపము, కోటి కలిసి ఒక పెద్ద త్రిభుజము. రెండింటి ఆకృతి ఒక్కటే గనుక భుజముల నిష్పత్తియు ఒక్కటే.

1150 నాటి లీలావతిలోని ఉదాహరణమున మొదటి నీడ 8 అంగుళములు. శంకువును రెండు హస్తములు, అనగా 48 అంగుళములు, దూరముగా జరుపగా నీడ 12 అయినది. ఛాయాగ్రముల అంతరము 48కి 12 కూడి 8 తీసివేయగా 52. నీడ 4 పెరిగినప్పుడు కోటి 52 పెరిగినది. కావున 8 అంగుళముల నీడకు కోటి 104. దానిని 12చే గుణించి 8చే భాగింపగా దీపము ఎత్తు 156 అంగుళములు, ఆరున్నర హస్తములు. విష్ణువు విశ్వమును వ్యాపించినట్లు త్రైరాశికము గణితమును వ్యాపించినదని రెండవ భాస్కరుడు ఈ సందర్భముననే చెప్పుట ఉచితముగా నున్నది.

ఈ ఉపాయము భారతీయుల సొత్తు మాత్రమే యనుట సత్యము కాదు. చీనాదేశమున లియూ హుయీ క్రీ.శ. 263లోనే రెండు స్తంభములతో సముద్రమధ్యముననున్న ద్వీపశిఖరమును కొలుచు విధానము వ్రాసెను.

యుక్తి నెరుగక సూత్రము మాత్రమే వల్లించినవాడు దానిని సూర్యునిపై ప్రయోగింప బూనవచ్చును. సూర్యుడు అత్యంత దూరస్థుడు. కిరణములు సమాంతరములుగా వచ్చును. శంకువును నాలుగు హస్తములు జరిపినను నీడ మారదు. ఛాయాభేదము శూన్యము, భాగహారమే నిలిచిపోవును.