పైకి వెళ్లే ఫైలు, కిందికి వచ్చే ఆదేశం: అధికారుల బాధ్యతపై ఒక పరిశీలన

తిరువూరు తహసీల్దారు కార్యాలయంలోనైనా, వెలగపూడి సచివాలయంలోనైనా ఫైలు నడక ఒకటే. భూమి విషయమైతే వీఆర్వో నివేదిక రాస్తాడు, ఆర్‌ఐ దాని మీద తన మాట రాస్తాడు, తహసీల్దారు ఉత్తర్వు ఇస్తాడు. కొన్నాళ్లకు గొడవ మొదలైతే కిందివాళ్లు ‘పైవాళ్లు రాయమన్నారు’ అంటారు. పైవాళ్లు ‘కింది నుంచి వచ్చిన నివేదిక నమ్మి సంతకం పెట్టాం’ అంటారు. పైవారి ఆజ్ఞ తప్పును కడిగేస్తుందా అన్న చర్చ ప్రపంచమంతటా ఎక్కువగా సైనికుణ్ణి ముందు పెట్టుకుని సాగింది. మన ఫైళ్ల వ్యవస్థకు ఆ నమూనా సరిపోదు. ఇక్కడ ఆ సాకు రెండువైపులా నడుస్తుంది.

మన శిక్షాస్మృతిలోనూ సైనికుడే ఉదాహరణ. 76వ సెక్షన్ (2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్) పై అధికారి ఆజ్ఞతో గుంపుపై కాల్పులు జరిపిన సైనికుడిది నేరం కాదంటుంది. అయితే ఆ పని చట్టం ఆదేశాలకు లోబడి జరగాలన్న షరతు అదే వాక్యంలో ఉంది. ఆజ్ఞను తలకెత్తుకునేవారు ఆ సగాన్ని చదవరు. 2011లో ప్రకాశ్ కదం కేసులో సుప్రీంకోర్టు న్యూరెంబర్గ్ విచారణలను గుర్తుచేసి, బూటకపు ఎన్‌కౌంటర్ చేసిన పోలీసుకు పై అధికారి ఆజ్ఞ రక్షణ కాదని గట్టిగా చెప్పింది.

తుపాకీ విషయంలో ఇంత స్పష్టత ఉంది. కలం విషయంలో లేదు. ఓబుళాపురం మైనింగ్ కేసు చూడండి. అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో 2007లో ఇచ్చిన ఇనుప ఖనిజం లీజుల వ్యవహారమిది. ఖనిజాన్ని సొంత ఉక్కు కర్మాగారానికే వాడాలన్న షరతు తుది జీవోలో లేకుండా పోయిందన్నది సీబీఐ ప్రధాన ఆరోపణల్లో ఒకటి. నాటి గనుల మంత్రి, పరిశ్రమల శాఖ కార్యదర్శులు, గనుల శాఖ డైరెక్టర్ నిందితులయ్యారు. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు లీజులు పొందిన కంపెనీ యజమాని గాలి జనార్దన్‌రెడ్డితో పాటు గనుల శాఖ మాజీ డైరెక్టర్ వి.డి.రాజగోపాల్‌కు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డిని, విశ్రాంత ఐఏఎస్ అధికారి కృపానందాన్ని నిర్దోషులుగా విడిచిపెట్టింది. మరో ఐఏఎస్ అధికారి శ్రీలక్ష్మికి 2022లో హైకోర్టు కేసు నుంచి విముక్తి ఇవ్వగా, సీబీఐ కోర్టు తీర్పు వెలువడిన మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి, మళ్లీ విచారించమని హైకోర్టుకు పంపింది.

ఒక్క ఫైలు, ఇన్ని ఫలితాలు. సాక్ష్యాల బలాబలాలు కోర్టులు తేలుస్తాయి. పరిశోధకుడికి పనికొచ్చే విషయం వేరు. ఫైలులో ఆదేశం మీద నుంచి ఊడిపడదు. కింది అధికారి నోట్ పుటప్ చేస్తాడు, ముసాయిదా రాస్తాడు, పైవారు ఆమోదిస్తారు, అదే ఆదేశంగా తిరిగొస్తుంది. తాను రాసిన వాక్యానికే తాను విధేయుడినంటున్నాడన్నమాట. 2012లో జగన్ ఆస్తుల కేసుకు సంబంధించిన 26 జీవోలపై సుప్రీంకోర్టు ఆరుగురు మంత్రులకు, ఎనిమిదిమంది ఐఏఎస్‌లకు నోటీసులిచ్చినప్పుడు రాష్ట్రంలో రేగిన వాదమంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది. బిజినెస్ రూల్స్ పాటించే బాధ్యత కార్యదర్శిదా, మంత్రిదా?

అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1968) దీనికి ఒక దారి చూపింది. మూడో నియమం ప్రకారం అధికారి తన వివేకంతోనే పనిచేయాలి, పైవారి ఆదేశం ఉంటే తప్ప. ఆ ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా వస్తే వీలైనంత త్వరగా రాతలో ధ్రువీకరణ కోరాలి; ఇవ్వడం పైవారి విధి. కాగితం మీద చక్కటి నియమమే. కానీ ఫోన్‌లో చెప్పిన మాటను రాసివ్వమని కలెక్టర్‌ను అడగడం ఒక ఐఏఎస్‌కే కష్టమైతే, తహసీల్దారును అడిగే వీఆర్వో ఎంతమంది? అడిగితే వచ్చేది కాగితం కాదు, బదిలీ. అందుకే నోట్‌ఫైల్‌లో ‘ఫలానా అధికారి మౌఖిక ఆదేశం మేరకు’ అని తేదీతో సహా తానే రాసుకునే గుమాస్తా ఉంటాడు. ఆ రాతతో అతని తప్పు మాఫీ కాదు. కాకపోతే విచారణాధికారి తర్వాతి ప్రశ్న అడగాల్సింది ఎవరినో అందులో ఉంటుంది.