అంచును చూసి అట్టకు వెల

తుమ్మలపల్లెలో పొద్దు పడమటికి వాలింది గానీ బండల వేడి తగ్గలేదు. కడప బండ పరిచిన వసారాలో మీరు కూర్చున్నారు. యురేనియం గనిలో షిఫ్టు దిగినవాళ్ళ మోటారు సైకిళ్ళు వేముల వైపు పోతున్నాయి. పెద్దాయన లోపలినుంచి ట్రంకుపెట్టె మోసుకొచ్చి మీ ముందర దించాడు. మూత లేవగానే ఎండు వేపాకు వాసన. ఆకుల కింద పాత పంచె గుడ్డ, దాని కింద దారంతో కట్టిన అట్టల కట్టలు.

"చేతులు తుడ్చుకో అబ్బీ. చెమట తగిల్తే రంగు లేచ్చాది. అంచులు పట్టుకో, బొమ్మ మింద వేలు పెట్టొద్దు."

మొదటి కట్ట విప్పుతారు. పసుపు కాగితం మీద నాలుగు మినార్లు. హైదరాబాదు వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్ పొట్లం ముందు భాగమది. అక్కడికి కత్తిరించి మిగతాది పారేశారు. దీన్ని ఆటకార్డుగా ఎవరూ అచ్చు వేయలేదు, ఎవరూ అమ్మలేదు. సిగరెట్లు అయిపోయి బంకు పక్కన పడేసిన పొట్లాన్ని ఒక పిల్లవాడు ఏరుకొచ్చి, అతుకు విప్పి, బొమ్మ వరకు కోసుకుని కార్డు చేసుకున్నాడు. ఇట్లాంటి అట్టలతో తెలుగునాట ఊరూరా పిల్లలు ఆడుకున్నారు.

పెద్దాయన సుద్దముక్కతో బండ మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో నాలుగు అట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చాడు. మీ చేతికి అరచేయంత పలక రాయి ఇచ్చాడు. వసారా చివరికి పోయి విసరాలి. గీత దాటి బయటపడిన అట్టలు మీవి. మీరు విసిరితే రాయి జారి గోడకు తగులుతుంది, అట్టలు కదలవు. ఆయన వంగి, చెయ్యి నేలకు ఆనేంత కిందికి తెచ్చి విసిరాడు. రెండు గీత దాటాయి.

"మా ఈదిలో లెక్క ఇట్ల ఉన్న్యాది. చార్మినార్ పది. సిజర్ ఇరవై. బర్కిలీ యాభై. పనామా వంద. పక్క ఊర్లో ఇంకో లెక్క. ఈడ దొరకనిదానికి ఈడ ఎక్కువ, ఆడ దొరకనిదానికి ఆడ ఎక్కువ."

ఆ మాటలో సేకరణ శాస్త్రం సగం ఉంది. చుట్టుపక్కల ముగ్గురాయి గనుల్లో, రాతినార గనుల్లో పనిచేసిన కూలీల జేబులో బీడీకట్టే ఎక్కువగా ఉండేది. సిగరెట్ పొట్లం ఎప్పుడో ఒకటి. బట్టల వ్యాపారానికీ బంగారానికీ పేరుమోసిన ప్రొద్దుటూరు బజారులో సేట్లూ గుమాస్తాలూ పారేసే పొట్లాలు వేరు. అక్కడి పిల్లవాడు చార్మినార్‌ను లెక్కచేసేవాడు కాదు, ఇక్కడి పిల్లవాడు దాచుకునేవాడు. వెలలు ఎట్లా పుడతాయో ఏ పుస్తకమూ చూడకుండా ఆ పిల్లలు కనిపెట్టారు.

అడుగున విడిగా, గుడ్డలో చుట్టి ఒక్క అట్ట ఉంది. స్టేట్ ఎక్స్‌ప్రెస్ 555. "ఇది కువైట్‌ది" అన్నాడాయన. కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయినవాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు పెట్టెల్లో దిగిన వస్తువుల్లో ఈ పొట్లాలు కూడా ఉండేవి. వీధి మొత్తానికి ఒక్కటే 555 ఉంటే దాని వెల ఐదొందలు అనుకునేవాళ్ళట. అంటే యాభై చార్మినార్లు. దాన్ని ఎవరూ వలయంలో పెట్టేవాళ్ళు కాదు. అందుకే దానిమీద ఒక్క రాతి దెబ్బ కూడా లేదు.

ఇప్పుడు మీరు భూతద్దం తీస్తారు. ముందు వయసు తేల్చాలి. సిగరెట్ పొట్లం మీద హెచ్చరిక ఉండాలని 1975లో చట్టం వచ్చింది, 1976 ఏప్రిల్ నుంచి అమలైంది. మీ చేతిలో ఉన్న చార్మినార్ మీద హెచ్చరిక లేదు. వెంటనే 'డెబ్బై ఆరుకు ముందుది' అని రాసుకోబోతారు. పెద్దాయన మీ పెన్ను మీద చెయ్యి వేస్తాడు. ఆ చట్టం అడిగింది పెద్ద పక్కల్లో కనీసం ఒకదానిమీద హెచ్చరిక ఉండాలని మాత్రమే. పిల్లవాడు కోసుకున్నది రెండో పక్క కావచ్చు. హెచ్చరిక ఉంటే 1976 తర్వాతిదని నమ్మకంగా చెప్పొచ్చు. లేకపోతే మాత్రం ఏదీ తేలదు. కోసిన అట్టలతో ఉన్న చిక్కు ఇదే, సాక్ష్యం సగం చెత్తకుప్పలో పోయింది. పక్కనే ఉన్న చార్మ్స్ అట్ట, నీలం జీన్స్ గుడ్డలా అచ్చువేసింది, ఎనభైలను గుర్తుకు తెస్తుంది. 2009 నుంచి పొట్లాల మీద జబ్బు బొమ్మలు వచ్చాయి. వాటిని కోసి దాచుకునే పిల్లవాడు ఉంటాడనుకోను, ఆ బొమ్మలు రావడం మంచిదే.

తర్వాత అంచులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. కత్తెర ఆగి మళ్ళీ కదిలిన చోట సన్నని మెట్టు కనిపిస్తుంది. బ్లేడుతో కోసిన అంచు తిన్నగా ఉండి, మూల దగ్గర గీత కాస్త ముందుకు పోతుంది. ఈ రెండూ లేని పిల్లవాడు మడత పెట్టి, గోటితో గీరి చించాడు, అక్కడ కాగితం నార బయటికొచ్చింది. ఏ అంచు అయినా ఏళ్ళ తరబడి గాలి తగిలితే వెనకభాగంలాగే గోధుమరంగు తిరుగుతుంది. వెనక గోధుమరంగు, అంచు మాత్రం తెల్లగా ఉంటే, ఈమధ్య ఎవరో మళ్ళీ కోశారన్నమాట.

అమెరికాలో బేస్‌బాల్ కార్డుల సేకర్తలు కోట్ల రూపాయల దగ్గర ఇదే తగువు పడ్డారు. 1961 నుంచి 1963 దాకా పోస్ట్ కంపెనీ ఉదయం తినే ధాన్యపు అటుకుల డబ్బాల వెనక ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేసింది. ఏటా 200 మంది. పిల్లలు వంటింటి కత్తెరతో కోసుకున్నారు. 1975 నుంచి 1979 వరకు హోస్టెస్ కేకుల డబ్బాల మీదా మూడేసి బొమ్మలు కలిపి వచ్చాయి. ఇప్పుడు వాటికి వెల కట్టేవాళ్ళు చుట్టూ అచ్చువేసిన గీత పూర్తిగా మిగిలిందా, లోపలికి కోశారా అని చూస్తారు. కోయని డబ్బా దొరికితే ఇంకా ఎక్కువ. మన చార్మినార్‌కు అట్లాంటి గీతే లేదు. ఎక్కడ కోయాలో నిర్ణయించింది పిల్లవాడే. కాబట్టి అక్కడి కొలబద్ద తెచ్చి ఇక్కడ పెడితే మన అట్టలేవీ దానికి నిలవవు.

ఇంకో కథ మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. 1909-11 మధ్య అమెరికన్ సిగరెట్ పొట్లాల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత చక్కటి అంచులు ఆ కార్డుకు ఎట్లా మిగిలాయని చాలామంది అనుమానించారు. దాన్ని ఒకప్పుడు అమ్మిన వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు, అంచులు తానే కోశానని.

మీరు ఈ సంగతి చెబుతుంటే పెద్దాయన ఒక సిజర్ అట్ట తీసి మీ ముందు పెట్టాడు. ఒక మూల నలిగింది, నడుమ రాతి దెబ్బకు గుంట పడింది, అంచు వంకర. పట్నం నుంచి వచ్చినాయనొకరు దీన్ని చక్కగా నాలుగు పక్కలా కోసి అద్దంలో బిగిస్తే బాగుంటుందన్నాడట.

"వంకర కోసినోడు మా తమ్ముడు. వానికి ఆరేండ్లు. దాన్ని సాపు చేసినాక ఇంగ ఏముంటాది దాంట్లో?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నేనంటాను. కంపెనీ లక్షలకొద్దీ అచ్చువేసిన బొమ్మ అది. ఆ ఒక్క ప్రతిని మిగిలినవాటినుంచి వేరుచేసేవి ఆ వంకర, ఆ గుంట. ఈ అట్టలకు వెల కట్టాల్సినవాళ్ళు ముందు ఆట దెబ్బల్ని మచ్చల లెక్కలోంచి తీసేయాలి. చెదలు, జిగురు, తేమ మరకలు వేరు, వాటికి తగ్గించాల్సిందే. ఫెవికాల్‌తో ఆల్బంలో అంటించినవైతే ముట్టుకోకపోవడం మేలు. మిగతావి దాచడానికి మూలలు మాత్రమే దూర్చే కాగితపు కోణాలు చాలు.

రెండో కట్టలో అగ్గిపెట్టె పటాలున్నాయి. పలచని చెక్కపెట్టె మీద అతికించిన శివకాశి కాగితాలు, నీళ్ళలో నానబెట్టి ఊడదీసినవి. వాటిమీద ధర అచ్చయి ఉంటే వయసు తెలియడం తేలిక. యాభై పైసల పెట్టె 2007లో రూపాయి అయింది, 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. కానీ మీ కళ్ళు మళ్ళీ మొదటి కట్టవైపే పోతున్నాయి. పనామాలు రెండున్నాయి. ఒకటి ఇస్తారా అని అడిగారు.

పెద్దాయన డబ్బు మాట ఎత్తలేదు. మీ సంచిలో ఏమున్నాయో చూపమన్నాడు. మీరు తెచ్చినవి పరిచారు: సిజర్లు మూడు, బర్కిలీ ఒకటి, హైదరాబాదులో పాతపుస్తకాల దగ్గర దొరికిన పాసింగ్ షో ఒకటి, పొడుగు టోపీ దొర బొమ్మతో. ఆయన భూతద్దం మీ చేతిలోంచి తీసుకుని పాసింగ్ షో అంచు నాలుగు పక్కలా చూశాడు.

"ఇది బ్లేడుతో కోసింది. పాత కోతే. దీనికి మా ఈదిలో లెక్క ల్యాకపాయ, ఒక్కటి గూడా రాల్యా. నూటయాభై అనుకుందామా? పనామా తీస్కో, యాభైకి ఇంగో బర్కిలీ ఇచ్చా."