ఉత్తరానికి జవాబు వచ్చేలోపు

భీమిలి బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ చిన్న కెఫే ఏడాదిన్నరగా నా ఆఫీసు. మొత్తం నాలుగు బల్లలు. ప్లగ్ పాయింట్ ఉన్న బల్ల నాది. మా క్లయింట్ నెదర్లాండ్స్‌లో ఉంటాడు. అక్కడ ఉదయం తొమ్మిదైతే ఎండాకాలంలో మనకి పన్నెండున్నర. ఆ వేళకి అరకు కాఫీ ఒకటి చెప్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నవ్వు మొహంతో స్క్రీన్ ముందు కూర్చుంటాను.

ఫోటో తీసి పెడితే స్నేహితులు ఈర్ష్యపడతారు. ఫోటోలో లేనిది ఏమిటంటే, నాన్నకి డయాలసిస్ మొదలయ్యాక హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే ఆయన్ని విశాఖ తీసుకెళ్ళి, మధ్యాహ్నం లోపు తీసుకురావాలి. వచ్చాక ఆయన అలసిపోయి పడుకుంటారు. అప్పుడు నేనిక్కడికొస్తాను.

కెఫే ముందు నీడలో వలలు బాగుచేసుకునే ఒక ముసలాయన ఓరోజు అడిగాడు. "ఏటి బాబూ, పొద్దల్లా ఆ పెట్టె ముందరే కూకుంటావు. సముద్రం సూడవా?"

"పనుంది తాతా" అన్నాను.

పోయిన సోమవారం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసులో కనపడాలి. వీలవుతుందో లేదో శుక్రవారం లోపు చెప్పాలి. కంపెనీకీ మూడు రోజులే, నాన్నకీ మూడు రోజులే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. నడుచుకుంటూ డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడిన చోటే. రాళ్ళ మీద ఏం రాసుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆరోజు మాత్రం వేలితో తడుముతూ అక్షరాలు కూడబలుక్కున్నాను. పేర్లు, తేదీలు, ఉద్యోగాలు. అవును, చచ్చిపోయాక కూడా ఏ ఉద్యోగం చేశాడో రాశారు. ఇక్కడ పడుకున్నవాళ్ళలో చాలామంది ఒక కంపెనీ పనిమీద దూరదేశం వచ్చి, బల్ల ముందు కూర్చుని, లెక్కలూ రిపోర్టులూ రాసినవాళ్ళు. సముద్రం ఒడ్డున కూర్చుని దూరాన ఉన్న యజమానికి పనిచెయ్యడం మా తరం కనిపెట్టిందేమీ కాదు.

డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండానే దాని మనుషులు గోల్కొండ నవాబుల అనుమతితో బందరులో దిగారు. బందరులో ఇప్పటికీ వలందపాలెం ఉంది. వలందులంటే ఈ డచ్చివాళ్ళే. 1610లో పులికాట్, ఆ శతాబ్దంలోనే భీమునిపట్నం. వాళ్ళకి కావలసింది మన బట్ట. మసాలా దినుసుల దీవుల్లో వెండి కంటే కోరమాండల్ బట్టకే గిరాకీ ఎక్కువ. ఇక్కడ బట్ట కొని, అక్కడ లవంగాలూ జాజికాయా కొని, యూరప్‌లో అమ్మాలి. ఈ గొలుసులో భీమిలి ఒక చిన్న లంకె.

భీమిలి గుమాస్తా తన పైనున్న కోరమాండల్ పెద్దకి రాయాలి. ఆయన జావాలోని బటేవియాకి రాస్తాడు. బటేవియా ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న పదిహేడుగురు డైరెక్టర్లకి రాస్తుంది. హాలెండ్ నుంచి బటేవియాకి ఓడ ప్రయాణం ఒక్కవైపే సుమారు ఎనిమిది నెలలు. ఒక ప్రశ్న వేసి జవాబు కోసం చూస్తే ఏడాదిన్నర దాటిపోవడం మామూలు సంగతి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల భయానికి ఓడలు ఈ తీరం వదిలి వెళ్ళిపోయేవి. ఆ నెలల్లో పైవాడి దగ్గర్నుంచి మాటే ఉండదు.

మరి పనెలా జరిగేది? రాయడం వల్ల జరిగేది. కళ్ళకి కనపడని ఉద్యోగిని నమ్మడానికి కంపెనీకి దొరికిన దారి కాగితం ఒక్కటే. కొన్నదీ అమ్మినదీ, ఎవరికెంత బాకీ ఉందో, ఏ రాజు ఎవరితో యుద్ధం చేస్తున్నాడో, అన్నీ రాయించింది. నకళ్ళు తీయించింది. ఆ కంపెనీ కాగితాలు ప్రపంచంలో అక్కడక్కడా మిగిలినవే సుమారు రెండున్నర కోట్ల పేజీలు. కొన్ని మన చెన్నై ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతిపత్రాల జాబితాలో చేర్చింది. నేను ప్రతి సాయంత్రం నింపే టైమ్‌షీట్‌కి ముత్తాత ఎవరో అప్పుడు అర్థమైంది.

కాగితం మీద కనపడనిది కూడా ఉండేది. జీతాలు తక్కువ, పర్యవేక్షణ సముద్రాల అవతల. సొంత వ్యాపారం చెయ్యకూడదని డచ్ కంపెనీ ఎన్ని ఆజ్ఞలు జారీ చేసినా దాని ఉద్యోగులు చేస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు కంపెనీ ఇంకాస్త లౌక్యంగా, ఆసియా రేవుల మధ్య సొంత వ్యాపారం చేసుకొమ్మని తన ఉద్యోగులని వదిలేసింది. అయినా హద్దు దాటినవాళ్ళున్నారు. మద్రాసు గవర్నర్ ఎలీహు యేల్ సొంత వ్యాపారం గొడవల్లోనే 1692లో పదవి పోగొట్టుకున్నాడు. ఆ డబ్బులో కొంత దానంగా అందుకున్న అమెరికన్ కాలేజీ ఆయన పేరే పెట్టుకుంది. ఈమధ్య మన ఐటీ వాళ్ళు మూన్‌లైటింగ్ అంటూ ఒకటే కంగారు పడితే నాకు నవ్వొచ్చింది. దూరం ఉన్నచోట ఆ అనుమానం ఎప్పుడూ ఉంది.

నిజానికి నా చేతిలో ఉన్న కాఫీ కూడా ఈ కథలోదే. డచ్చివాళ్ళు 1696లో మలబారు నుంచి కాఫీ మొక్కలు జావాకి పంపారు. మొదటిసారి వరదలో పోయాయి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ పంపితే బతికాయి. 1711కల్లా జావా కాఫీ ఆమ్‌స్టర్‌డామ్ చేరడం మొదలైంది. ఇక కాఫీ దుకాణంలో కూర్చుని ఉద్యోగం చెయ్యడం అంతకంటే ముందే ఉంది. లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ 1680ల్లో నడిపిన కాఫీహౌస్‌కి ఓడల వాళ్ళూ బీమా రాసేవాళ్ళూ వచ్చేవారు. బల్లల దగ్గరే బేరాలు, సంతకాలు. ఆ దుకాణమే కాలక్రమంలో లాయిడ్స్ బీమా సంస్థ అయింది.

అంతవరకూ పోలికలు బాగానే కుదిరాయి. తేడా ఒక్కటే, ఆలస్యం. భీమిలి గుమాస్తాకి దూరంతోపాటు ఆలస్యమూ ఉండేది. నిర్ణయం వాడు తీసుకోవలసిందే. తప్పో ఒప్పో తర్వాత తెలుస్తుంది. ఆ స్వేచ్ఛకి వాడు కట్టిన ధర తక్కువేమీ కాదు. రెండు శతాబ్దాల్లో దాదాపు పది లక్షల మంది ఆ కంపెనీ ఓడలెక్కి ఆసియాకి వస్తే, వెనక్కి వెళ్ళినవాళ్ళు సగం కూడా లేరు. ఇంట్లో తండ్రి జబ్బుపడ్డాడన్న కబురు అందేసరికి ఆ తండ్రి పోయి ఏడాదవుతుంది. నేను కనీసం మా నాన్న పక్కన ఉన్నాను.

తర్వాత ఆలస్యం కరిగిపోతూ వచ్చింది. డచ్ కంపెనీ 1799తో ముగిసింది. 1824 ఒప్పందం ప్రకారం ఆ మరుసటేడు భీమిలి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఆవిరి ఓడలొచ్చి, ఈజిప్టు మీదుగా దారి పడ్డాక, ఉత్తరాలకి నెలలు పట్టేది వారాలకి తగ్గింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. 1870లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ బొంబాయిని లండన్‌తో కలిపింది. నెలలు పట్టే ప్రశ్న గంటల్లో రాసాగింది. అది వ్యాపారానికి ఎంత మేలో, ఇక్కడ కూర్చుని సొంతంగా నిర్ణయించే మనిషికి అంత ముకుతాడు. ఇప్పుడు నా పేరు పక్కన ఓ పచ్చచుక్క వెలుగుతూ ఉంటుంది. పది నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే పసుపు అయిపోతుంది. దూరం మిగిలింది, ఆలస్యం పోయింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఒక్కసారి ఆ పాత ఆలస్యాన్ని రుచి చూశాను. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఎవరు బతికున్నారో తెలుసుకోవాలంటే నడిచి వెళ్ళి చూడాల్సిందే. అప్పుడది స్వేచ్ఛ అనిపించలేదు, భయమనిపించింది. అందుకే ఆ రోజులే బాగున్నాయని నేననను.

సమాధుల దగ్గర ఇంకొకటి కూడా అనిపించింది. ఆ గుమాస్తా ఒడ్డున కూర్చుని ఉత్తరం రాస్తే సరిపోలేదు. ఈ తీరంలో చాలాచోట్ల ఓడ ఒడ్డుదాకా రాలేదు, దూరంగా లంగరు వేస్తుంది. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో, కెరటాల మీదుగా, సరుకూ మనుషులూ ఉత్తరాలూ మోసింది ఇక్కడి పడవవాళ్ళు. బట్ట నేసింది బయానా తీసుకుని, ఆ అప్పుకి కట్టుబడిపోయిన సాలీలు. వాళ్ళెవరికీ ఇలాంటి రాళ్ళు లేవు. డచ్ ఉద్యోగి డేనియల్ హావర్ట్ గోల్కొండ, బందరుల్లో పనిచేసి వెళ్ళి 1693లో కోరమాండల్ ఎదుగుదల, పతనాల మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. పడవవాళ్ళు రాసిన పుస్తకం నాకు దొరకలేదు. మన గోగునార కూడా విదేశీ మార్కెట్లో బిమ్లీ జూట్ అనే పేరుతోనే చలామణీ అయింది. ఊరి పేరైతే వెళ్ళింది, పండించినవాడి పేరు వెళ్ళలేదు.

ఇప్పుడూ అంతే కదా. సముద్రం నాకు ఫోటోలో వెనకాల కనిపించే బొమ్మ. ఆ తాతకి అది పనిచేసే చోటు. దాన్ని చూడమని నన్నడిగాడంటే, రోజూ దాని ముందు కూర్చునే నేను ఒక్కసారీ చూడలేదని ఆయనకి తెలిసిపోయింది. ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు. కాఫీ తెచ్చిచ్చే కుర్రాడికీ లేదు. డయాలసిస్ గదిలో నాన్న చేతికి సూది గుచ్చే నర్సమ్మకీ లేదు. నేను హక్కు అనుకుంటున్నది వీళ్ళలో ఎవరికీ ఇవ్వజూపను కూడా లేదు. అయినా నాకది కావాలి. వద్దని అబద్ధం చెప్పలేను.

గురువారం మధ్యాహ్నం మెయిల్ తెరిచి జవాబు మొదలుపెట్టాను. మొదట కుటుంబ కారణాల వల్ల అని రాశాను. చెరిపేశాను. ఆ పాత గుమాస్తాలు గుర్తొచ్చారు. ఏది కొన్నారో, ఎంత బాకీయో, ఎవరు చనిపోయారో, ఉన్నదున్నట్టు రాసేవారు, పైవాడు కళ్ళతో చూడలేడు కాబట్టి. నేనూ అలాగే రాశాను. నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఏడాదిన్నరగా ఒక్క గడువు కూడా తప్పలేదు. కాబట్టి రాలేను.

పంపాను. రెండు నిమిషాల్లో చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు మాత్రం ఈ వ్యాసం రాసేనాటికి రాలేదు. లాప్‌టాప్ మూసి, కాఫీ డబ్బులిచ్చి బయటికొచ్చాను. తాత వల చుట్టేసుకుని వెళ్ళిపోతున్నాడు. గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు కాసేపు నిలబడి చూశాను. తర్వాత ఇంటికెళ్ళాను. మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాలి.