ఒడి చాలదా?

పోయిన చలికాలం మా అత్తయ్యగారు గుంటూరు నుంచి మిన్నెసోటాలో మా ఇంటికి వచ్చారు. బయట మైనస్ 20 డిగ్రీలు. పది నెలల మా బుజ్జిగాడి లావుపాటి కోటు విప్పి కారు సీట్లో కూర్చోబెడుతుంటే ఆవిడ మనసు ఊరుకోలేదు.

"అమ్మాయ్, ఈ చలిలో పసివాడికి కోటు విప్పుతావా? ఆ కట్టేయడం ఎందుకు, నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటానుగా!"

నాకు కోపం రాలేదు. మా పెద్దదానికి రెండు చలికాలాలు కోటు మీదే బెల్టు పెట్టిన తల్లిని నేను. టీకాకి వెళ్లినప్పుడు నర్సు చూసి చెప్పేదాకా తప్పని తెలియదు.

నిజానికి అత్తయ్యగారి ప్రశ్న అమెరికా వాళ్లకీ కొత్త కాదు. 1930లలో ఇక్కడ పిల్లల కారు సీట్లు వచ్చినప్పుడు వాటికీ భద్రతకీ సంబంధం లేదు. పిల్లలు కారులో అటూ ఇటూ తిరక్కుండా, కిటికీలోంచి బయటికి కనబడేలా ఎత్తుగా కూర్చోబెట్టడానికే అవి. ప్రమాదం జరిగితే కాపాడాలన్న ఆలోచనతో సీట్లు తయారైంది 1960లలో. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన, వ్యోమగాములు వెల్లకిలా కూర్చునే సీట్లు చూసి, పిల్లల్ని కారు వెనక వైపుకి తిప్పి కూర్చోబెట్టే సీటు 1964లో తయారుచేశారు. కారు గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ లేత మెడ మీద పడకుండా వీపంతా పరుచుకుంటుంది. 1971లో అమెరికా ప్రభుత్వం సీట్లకు ప్రమాణాలు పెట్టింది. కానీ వాడి తీరాలని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ మాట మొదట అన్న రాష్ట్రం టెన్నెసీ. పిల్లల డాక్టరు రాబర్ట్ శాండర్స్, ఆయన భార్య పట్టుబట్టి తిరిగితే, నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు తప్పనిసరి అనే చట్టం 1978 జనవరి నుంచి అమలైంది. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది: బిడ్డ పెద్దవాళ్ల చేతుల్లో ఉంటే సీటు అక్కర్లేదు! అమ్మ చేతులకన్నా గట్టివి ఏముంటాయని అక్కడి పెద్దలూ అనుకున్నారన్నమాట. కానీ కారు హఠాత్తుగా ఆగితే ఐదు కిలోల బిడ్డ వంద కిలోలు దాటిన బరువుతో ముందుకి లాగుతాడు. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా బెల్టు లేని పెద్దమనిషి బరువంతా ఆ బిడ్డ మీదే పడుతుంది. అందుకే వ్యతిరేకించినవాళ్లు దాన్ని 'పిల్లల్ని నలిపేసే సవరణ' అన్నారు. 1981లో తీసేశారు. 1985కల్లా 50 రాష్ట్రాల్లోనూ సీటు చట్టాలొచ్చాయి.

ఇక కోటు సంగతి. లావు కోటు నిండా ఉండేది గాలే. మనం బెల్టు బిగించామనుకుంటాం, బిగిసింది కోటుకి. గుద్దుకున్న క్షణంలో గాలి అణిగిపోయి బెల్టు వదులవుతుంది, బిడ్డ జారిపోవచ్చు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడండి. కోటుతో బెల్టు బిగించి, వదులు చేయకుండా బిడ్డను తీసి, కోటు విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. ఎంత సందు ఉందో చూసి నాకు కళ్లు తిరిగాయి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. ఒంటికి అతుక్కునే పల్చటి బట్టలు రెండు వరసలు, టోపీ, సాక్సులు. భుజం దగ్గర బెల్టు వేళ్లకి చిటికెడు కూడా అందకూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. అప్పుడు పైన రగ్గు, లేదా కోటునే వెనకా ముందూ తిప్పి తొడుగుతాను. కారు ముందే వెచ్చబెడతాం, కానీ మూసిన గరాజులో కాదు, ఆ పొగ ప్రాణాంతకం.

అత్తయ్యగారి ముందు కూడా ఆ కోటు పరీక్ష చేసి చూపించాను. ఏం మాట్లాడలేదు. మర్నాడు బయల్దేరే ముందు తన శాలువా హీటర్ దగ్గర వెచ్చబెట్టి తెచ్చారు. నేను బెల్టు బిగించేదాకా ఆగి, పైన తనే కప్పారు.

మన దేశంలోనూ 2019 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మొన్న ఫోన్లో అత్తయ్యగారు మా ఆడపడుచుతో అంటున్నారు, "జరిమానా సంగతి కాదే, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ఎక్కకు" అని.