పింటు కొలత నుంచి శాతానికి: కలరా చికిత్సలో ఉప్పునీటి గాఢత

నూరు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎన్ని గ్రాముల పదార్థం కరిగి ఉందో తెలిపే సంఖ్యే దాని గాఢతా శాతం. పదార్థపు బరువును ద్రావణపు ఘనపరిమాణంతో భాగించి నూటితో హెచ్చిస్తే అది లభిస్తుంది. ఈ చిన్న లెక్క కలరా చికిత్సా చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఎలా విశదం చేస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1831లో కలరా ఇంగ్లండుకు చేరింది. రోగుల రక్తంలో నీరు, లవణాలు తగ్గిపోతున్నాయని విలియం బ్రూక్ ఒషానెస్సీ రసాయన పరీక్షలతో నిరూపించాడు. దాని ఆధారంగా 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు తామస్ లాటా రోగుల సిరల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. ఆరు పింట్ల నీటికి రెండు మూడు డ్రాముల ఉప్పు, రెండు స్క్రూపుల్ల సోడా అన్నది ఆయన ప్రకటించిన పాళ్లు. మొదటి రోగి తేరుకున్నట్లే తేరుకుని కొన్ని గంటలకే మరణించింది. తరువాతివారిలో కొందరు బతికారు.

డ్రాముకు 3.89 గ్రాములు. కనుక ఉప్పు 7.8 నుంచి 11.7 గ్రాములు. పింటు విషయంలో చిక్కు ఉంది. 1824 చట్టం నిర్ణయించిన పింటు 568 మిల్లీలీటర్లు. అంతకుముందరి ద్రాక్షసారాయి పింటు 473 మిల్లీలీటర్లు. మొదటి దాని ప్రకారం ఉప్పు గాఢత 0.23 నుంచి 0.34 శాతం, రెండవ దాని ప్రకారం 0.27 నుంచి 0.41 శాతం. ఇక్కడ నీటి పరిమాణాన్నే ద్రావణ పరిమాణంగా గ్రహించాము. ఇంత పలుచని ద్రావణంలో ఆ తేడా స్వల్పం. సోడాను కలుపుకున్నా మొత్తం సుమారు 0.5 శాతాన్ని మించదు.

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో డచ్చి శాస్త్రజ్ఞుడు హార్టొగ్ హాంబర్గర్ ఎర్ర రక్తకణాలపై ప్రయోగాలు చేశాడు. మనిషి రక్తానికి సరితూగే ఉప్పునీటి గాఢత సుమారు 0.9 శాతమని వాటివల్ల తేలింది. అంతకన్నా బాగా పలుచనైతే కణాలు ఉబ్బి పగులుతాయి. 1908 ప్రాంతంలో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ పింటుకు 120 గ్రెయిన్ల ఉప్పు, 4 గ్రెయిన్ల కాల్షియం క్లోరైడు వాడాడు. ఉప్పు వరకే చూస్తే అది 1.37 శాతం, అంటే లాటా ద్రావణానికి మూడు రెట్లకు పైమాట. రోజర్స్ చికిత్సతో మరణాలు గణనీయంగా తగ్గాయి.

గ్రంథాలలో ఈ ద్రావణాలన్నిటికీ ఉప్పునీరు అన్న పేరే కనిపిస్తుంది. శాతంలోకి మార్చినప్పుడే అవి వేర్వేరు ఔషధాలని తెలుస్తుంది. లాటా రోగుల మరణాలకు గాఢత ఒక్కటే కారణమని చెప్పలేము; క్రిమిరహిత పద్ధతులు అప్పటికి లేవు, చాలామందికి చికిత్స అవసాన దశలోనే అందింది. అయినా లాటా పద్ధతిని, ఆయన వాడిన పాళ్లను విడివిడిగా అంచనా వేయాలి. పద్ధతి సరైనదే, పాళ్లు మాత్రం రక్తపు గాఢతకు చాలా దిగువన ఉన్నాయి. పాత వైద్యగ్రంథాల కొలతలను నేటి ప్రమాణాలలోకి మార్చకుండా వాటి గుణదోషాలను నిర్ణయించడం తగదని ఈ ఉదాహరణ తెలుపుతోంది.