పలచటి పొరకు ఒకే పేరు

మన బీరువా తలుపు మీద మెరిసే టేకు చాలాసార్లు టేకు పలక కాదు. దుంగ నుంచి కాగితంలా తీసి అతికించిన పొర. దాన్నే వెనీర్ అంటారు. ఒక దేశం పదేళ్లలో ఎంత వెనీర్ అమ్మింది, మరో దేశం ఎంత కొన్నది అని అడిగితే ఇవాళ కాసేపట్లో చెప్పేయవచ్చు. ఒకప్పుడు ఈ ప్రశ్న ఎంతటి పండితుడికైనా కొరకరాని కొయ్యే. సరుకు ఒక్కటే అయినా ఏ రేవు గుమాస్తా రాసుకునే పేరు ఆ రేవుది. పేర్లే కలవనప్పుడు లెక్కలు ఎలా కలుస్తాయి?

1853లో బ్రస్సెల్స్‌లో తొలి అంతర్జాతీయ గణాంక మహాసభ జరిగింది. దేశాల లెక్కలన్నీ ఒకే తీరులో ఉండాలని ఆశపడిన బెల్జియం శాస్త్రవేత్త కెట్లే దానికి అధ్యక్షుడు. ఆశ గొప్పదే, కానీ అడుగు పడటానికి 60 ఏళ్లు పట్టింది. 1913 డిసెంబరు 31న అదే ఊళ్లో దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. లోకంలోని సరుకంతా 186 పద్దుల్లో ఇమిడిపోవాలి! ఆ ఇరుకులోనైనా సర్దుకుని పని మొదలుపెట్టేలోగా, ఏడు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఆ తర్వాత నానాజాతి సమితి నిపుణులు ఓపికగా మళ్లీ కూర్చున్నారు. 1937 నాటికి 991 పద్దుల పట్టిక సిద్ధం చేశారు. రెండేళ్లకే మరో యుద్ధం. అయినా వాళ్ల శ్రమ వృథా పోలేదు. దాని పునాది మీదే 1950లో బ్రస్సెల్స్ పట్టిక లేచింది. అడవులు దండిగా ఉన్న అమెరికా, కెనడాలు మాత్రం అందులో చేరలేదు.

1970ల్లో అధ్యయనం చేసినవారికి ఒక వింత కనిపించింది. ఒకే సరుకు గమ్యం చేరేలోగా కాగితాల మీద 17 సార్లు దాకా పేరు మారుతోంది! పదేళ్లకు పైగా చర్చలు సాగాయి. 1983లో ఒప్పందం కుదిరింది. 1988 జనవరి 1న హార్మొనైజ్డ్ సిస్టమ్ అమలులోకి వచ్చింది. మన వ్యాపారులు హెచ్‌ఎస్ కోడ్ అనేది దీన్నే. దుంగకు 4403, కోత చెక్కకు 4407, వెనీర్‌కు 4408. మందం 6 మిల్లీమీటర్లు దాటితే కోత చెక్క, దాటకపోతే వెనీర్. ఇంత సులువైన గీత కోసం 135 ఏళ్లు!

అయినా రెండు దేశాల ఖాతాలు అచ్చంగా ఒకేలా ఉండవు. అమ్మిన దేశం తన రేవులోని ధర రాస్తుంది. కొన్న దేశం సాధారణంగా ఓడ కిరాయి, బీమా కలిపి రాస్తుంది. డిసెంబరులో బయలుదేరిన ఓడ జనవరిలో చేరితే ఏడాదే మారిపోతుంది. పోల్చేవారు ఈ తేడాలను గమనించాలి.

ఈ పోలిక ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. 2010లో ఆఫ్రికా దేశం గబాన్ దుంగల ఎగుమతి ఆపేసింది. అక్కడి ఒకూమే చెట్టు వెనీర్‌గానో కోత చెక్కగానో మారాకే ఓడ ఎక్కాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ కూడా దుంగలు పంపడం మానేసింది. ఆ దేశపు గర్జన్ దుంగలను నమ్ముకున్న మన ప్లైవుడ్ పరిశ్రమ గబాన్ వైపు చూసింది. భారతీయులు కొందరు అక్కడి ఎన్‌కోక్‌లోనే మిల్లులు పెట్టారు. ఈ మలుపును ఇప్పుడు గబాన్ ఖాతానూ మన ఖాతానూ పక్కపక్కన పెట్టి, ఏడాది తర్వాత ఏడాదిగా చదవొచ్చు. రెండింట్లోనూ ఆ పద్దు 4408, ఆ హద్దు 6 మిల్లీమీటర్లు.